బాతుకు నిమిషం గడువు

లిఫ్టాయనకు వేగమంటే పడదు. పడదంటే భయమని కాదు, కోపమనీ కాదు. పొగ తాగనివాడికి సిగరెట్టు ఎలాగో ఆయనకు వేగం అలాగ. ఎదుటివాడు ముట్టిస్తే పక్కకు జరిగి నిలబడతాడు, అంతే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన పని లిఫ్టుల బాగోగులు చూడడం. ఊళ్ళో నలభై మూడు లిఫ్టులు ఆయన చేతి కింద ఉన్నాయి. ఆసుపత్రిలో నాలుగు, ఆఫీసు భవనాల్లో ఆరు, మిగతావన్నీ అపార్ట్‌మెంట్లలో. మంచి లిఫ్టంటే ఏమిటని ఎవరైనా అడిగితే, అడగకపోయినా సరే, ఒకటే మాట చెబుతాడు: ఎక్కినవాడికి అది ఎప్పుడు కదిలిందో, ఎప్పుడు ఆగిందో తెలియకూడదు. తెలిసిందంటే ఎక్కడో ఏదో అరిగిందన్నమాట. పెద్ద పెద్ద భవనాల్లో కొత్తగా పెడుతున్న వేగం లిఫ్టుల సంగతి ఎత్తితే మాత్రం, ఎంత వేగంగా పోయినా పై అంతస్తు అక్కడే ఉంటుంది కదండీ అని ఊరుకుంటాడు.

అలాంటి మనిషి ఒక బొమ్మ పడవకు వేగం పెంచడానికి కూర్చున్నాడంటే, దానికి కారణం పడవ కాదు. భార్య.

పడవ ఆవిడ తండ్రిది. ఆయన అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే పని చేసేవాడు. తలకిందులుగా చదవడం అలవాటై, చేసే ప్రతిదీ ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకునే మనిషి. ముప్పై రెండేళ్ల కిందట ప్లైవుడ్డు ముక్కలు కోసి, ఆవిరి పట్టి వంచి, జిగురేసి అతికించి, లోపల మోటారూ బ్యాటరీ అమర్చి, గట్టు మీద నిలబడి రిమోటుతో నడిపేలా ఆ పడవను తయారు చేశాడు. పొడవు మూరన్నర. ముందు వెడల్పు, వెనక అంతకన్నా వెడల్పు. నీళ్ళ మీద అటూ ఇటూ ఒరుగుతూ, ఎవరి కోసమూ తొందరపడకుండా పోతుంది కాబట్టి, ఎవరూ పెట్టకుండానే దానికి బాతు అని పేరొచ్చింది.

పార్కులో సిమెంటు గట్టు కట్టిన కొలను ఒకటుంది. బొమ్మ పడవల పిచ్చి ఉన్నవాళ్ళు పన్నెండు మంది అక్కడ పోగై క్లబ్బు పెట్టుకున్నప్పుడు, ఒడ్డున రేకుల షెడ్డు వేయించి, అందులో పన్నెండు అరలు కొట్టించింది కూడా మామగారే. తలుపు తీయగానే ఎడమచేతి వైపు మొదటి అర బాతుది.

లిఫ్టాయన భార్య స్కూలు యూనిఫారాలు కుట్టే షాపులో పనిచేస్తుంది. పదేళ్ల వయసు నుంచీ బాతు రిమోటు ఆవిడ చేతిలోనే ఉంది. నాన్న చేసేవాడు, కూతురు నడిపేది. ఆ నాన్న పోయి నాలుగేళ్లయింది. ఆవిడ మాత్రం ప్రతి ఆదివారం పొద్దున ఏడున్నరకు షెడ్డుకు వెళ్తుంది, అరలోంచి బాతును దించుతుంది, రెండు రౌండ్లు తిప్పుతుంది, గుడ్డతో తుడిచి మళ్ళీ అరలో పెట్టి ఇంటికొస్తుంది. అక్కడ ఏం జరిగిందో ఇంట్లో చెప్పదు. చెప్పడానికి ఏమీ జరగదు కూడా. అయితే ఏ ఆదివారమైనా వాన పట్టుకుని వెళ్ళడం కుదరకపోతే, ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగా మాట్లాడతాయి. లిఫ్టాయన చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి. ఆయనకు ఈ సంగతి మొదటి వానాకాలంలోనే అర్థమైంది.

ఒక ఆదివారం, వాన లేకుండానే, ఆవిడ తిరిగొచ్చి తాళంచెవులు బల్ల మీద పెట్టి, "బాతుకు ఆరు వారాలిచ్చారు," అంది.

ఆసుపత్రి లిఫ్టుల్లో ఇలాంటి మాటలు చాలా విన్నవాడు కాబట్టి ఆయన కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చుని సంగతంతా చెప్పింది. క్లబ్బులో ఇప్పుడు పద్దెనిమిది మంది ఉన్నారు. అరలు పన్నెండే. కొత్తవాళ్ళ పడవలు కందిరీగల్లా పోతుంటే, మధ్యలో బాతులాంటివి అడ్డమొస్తున్నాయి. అందుకని కమిటీ కూర్చుని ఒక నియమం, దానికి ఆరు వారాల గడువు పెట్టింది. నీళ్ళలో తేలే మూడు ఎర్రబంతుల చుట్టూ ఒక రౌండు నిమిషం లోపల పూర్తి చేయలేని పడవ అర ఖాళీ చేయాలి. అలాంటి పడవల వాళ్ళు మామూలు రోజుల్లో పగటిపూట వచ్చి తిప్పుకోవచ్చు, ఆదివారం మాత్రం కొలను దగ్గరికి రాకూడదు. మామూలు రోజుల్లో పగటిపూట ఆవిడ కుట్టుమిషను ముందుంటుంది. బాతు రౌండు ఒక నిమిషం యాభై సెకన్లు.

నియమం రాసింది క్లబ్బు సెక్రటరీ. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, మామగారికి స్నేహితుడు కూడా. నాకు మాత్రం ఇష్టమా అమ్మాయ్, పద్దెనిమిదిలోంచి పన్నెండు తీస్తే ఆరు మిగులుతున్నాయి, నేనేం చేయను, అన్నాడట.

"మీకు మోటార్లు తెలుసు కదా," అంది ఆవిడ.

"తెలుసు."

"అయితే చూడండి."

అలా మొదలైంది. మర్నాడు ఆవిడ బాతును షెడ్డు నుంచి ఇంటికి తెచ్చింది. ముప్పై రెండేళ్లలో అది అర వదిలి బయట పడుకోవడం అదే మొదలు. బాల్కనీలో బల్ల మీద పాత దుప్పటి పరిచి దాన్ని పడుకోబెట్టారు. లిఫ్టాయన మూడు రోజులు దాన్ని ముట్టుకోలేదు. పనినుంచి రాగానే ఎదురుగా కూర్చుని చూసేవాడు. ఏమైనా తెలిసిందా అని భార్య అడిగితే, ఇంకా పరిచయం కాలేదు అన్నాడు.

నాలుగో రోజు పళ్ళ డాక్టరు వచ్చాడు. ఈయన క్లబ్బులో అందరికన్నా వేగమైన పడవ ఉన్నవాడు. దాని పేరే కందిరీగ, ఇరవై ఎనిమిది సెకన్లలో రౌండు కొడుతుంది. చిన్నప్పుడు బాతును చూశాకే ఆయనకు ఈ పిచ్చి పట్టింది. అందుకని లిఫ్టాయన భార్యను అక్కయ్యా అంటాడు, ఆ లెక్కన లిఫ్టాయనను బావగారూ అంటాడు. బావ అన్న మాట నోట్లోంచి వచ్చాక ఎగతాళి దానంతటదే వస్తుంది కాబట్టి, ఆ హక్కును కూడా పూర్తిగా వాడుకుంటాడు. పడవ మూత తీసి లోపలికి తొంగిచూసి, "బావగారూ, ఈ మోటారుకు పింఛను ఎప్పుడో రావాల్సింది," అన్నాడు.

ఏమేం మార్చాలో వరసగా చెప్పాడు. పాత మోటారు బొగ్గుముక్కలను రాసుకుంటూ తిరుగుతుంది, సగం బలం ఆ రాపిడికే పోతుంది. ఇప్పుడు ఆ ముక్కలే లేని మోటార్లు వచ్చాయి, సగం బరువు, మూడింతలు బలం. పాత బ్యాటరీ ఇటుకంత ఉంది, కొత్తది సబ్బుబిళ్ళంత వస్తుంది. మోటారుకు కరెంటు అందించే పెట్టె వేడెక్కకుండా, పోతూ పోతూ కొలను నీళ్ళే కాస్త లాక్కుని దాని మీదుగా వదిలేలా సన్న గొట్టం పెట్టాలి. ఆ గొట్టం తానే ఇస్తానని డాక్టరు మాటిచ్చాడు. మర్నాడు పంపాడు కూడా. పళ్ళు శుభ్రం చేసేటప్పుడు రోగి నోట్లో ఉమ్మి లాగే గొట్టం. కొత్తదేనా అని లిఫ్టాయన ఫోన్ చేసి అడిగాడు. కొత్తదే అన్నాడు డాక్టరు. అరగంట తర్వాత మళ్ళీ ఫోన్ చేసి అడిగాడు.

ముందు బరువు తగ్గించాలి. మామగారు ఏటా ఒకసారి బాతుకు రంగు వేసేవాడు. పాతది గీకకుండా దాని మీదే వేసేవాడు. లిఫ్టాయన గరుకు కాగితం తీసుకుని కూర్చునే సరికి భార్య వచ్చి నిలబడింది. వద్దంటుందేమోనని ఆయన ఆగాడు. వద్దనలేదు. ఇంకో కాగితం తీసుకుని రెండోవైపు కూర్చుంది. నీలం కింద ఆకుపచ్చ, దాని కింద పసుపు, పసుపు కింద మళ్ళీ నీలం. రాసుకుంటూ పోతుంటే మధ్యలో ఒక గులాబీ రంగు బయటపడింది. ఆవిడ చెయ్యి ఆగింది.

"ఇది నేను ఎనిమిదో క్లాసు తప్పిన ఏడు," అంది. "నేనడిగితే వేశాడు. మగవాళ్ళందరూ నవ్వారు. ఏడాదంతా అలాగే తిప్పాడు."

తర్వాత ఆ గులాబీని కూడా రాసేసింది. అంతా అయ్యాక లిఫ్టాయన రాలిన పొడిని కాగితంలో పోగుచేసి తూచాడు. నూట తొంభై గ్రాములు. మంచిదే, ఒక బ్యాటరీ బరువు దిగింది అన్నాడు. ఆవిడ ఆ పొడిని పారబోయలేదు, ఒక సీసాలో పోసింది. ఆయన అది చూశాడు, కానీ బరువు లెక్కలోకి రాదు కాబట్టి వదిలేశాడు.

మోటారును ఇరుసుతో కలపడం ఇంకో ఎత్తు. మామూలువాళ్ళు ఈ పని పావుగంటలో కానిస్తారు. లిఫ్టాయనకు నాలుగు సాయంత్రాలు పట్టింది. మోటారు, ఇరుసు, వెనక నీళ్ళలో తిరిగే రెక్క, మూడూ ఒకే గీత మీద ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా వణుకు పుడుతుంది, వణుకు పుడితే బలం వృథా. ఆయన పడవ మీద గాజుగ్లాసులో నీళ్ళు పోసి పెట్టి, మోటారు తిప్పి, నీళ్ళలో వలయాలు లేచాయా అని చూసేవాడు. లేస్తే విప్పి మళ్ళీ బిగించేవాడు. నాలుగో సాయంత్రం మోటారు పూర్తి జోరులో తిరుగుతుంటే గ్లాసులో నీళ్ళు అద్దంలా నిలిచాయి. ఆయన భార్యను పిలిచి చూపించాడు. ఆవిడ గ్లాసును చూసి, పడవను చూసి, "తిరుగుతోందా?" అంది. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో తనకు దక్కిన మెప్పుల్లో అది పెద్దదని ఆయన ఆసుపత్రి లిఫ్టు దగ్గర కాపలాదారుతో చెప్పుకున్నాడు.

అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. ఆ తర్వాత చేసిన పనొకటి ఆయన ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పాల్సిన సంగతి అని తోచక.

ప్రతి లిఫ్టుకూ పైన మెషీను గదిలో ఒక చిన్న చక్రం ఉంటుంది. లిఫ్టు ఉండాల్సిన దానికన్నా వేగంగా పోయిందంటే, ఆ చక్రానికున్న రెండు బుల్లి బరువులు తిరిగే విసురుకు బయటికి తెరుచుకుని ఒక మీటను తంతాయి. మీట పడగానే కరెంటు పోయి లిఫ్టు ఉన్నచోట నిలబడిపోతుంది. దాన్ని గవర్నరు అంటారు. ఎంత వేగం దగ్గర తన్నాలో స్ప్రింగు బిగించి, బిగించిన మరమేకుకు తీగ చుట్టి, తీగ కొసలకు సీసపు బిళ్ళ నొక్కి సీలు వేస్తారు. ఆ సీలు తెంచినవాడు ఎవడైనా సరే, అక్కడున్న పుస్తకంలో తేదీ, కారణం, పేరు రాసి సంతకం పెట్టాలి. లిఫ్టాయన పని నేర్చుకున్న మొదటి రోజు మేస్త్రీ ఆయనకు చెప్పిన మొదటి మాట ఇదే: కదిలేదాన్ని చేయడం ఎవడైనా చేస్తాడు, ఆగేదాన్ని చెయ్యి.

కాబట్టి బాతుకు కూడా గవర్నరు పెట్టాడు. బఠాణీ గింజంత బరువులు రెండు, పెన్నులోంచి తీసిన స్ప్రింగు, బొటనగోరంత మీట, మీట పడితే మళ్ళీ నొక్కి లేపడానికి ఒక బుడిపె. చూడముచ్చటగా వచ్చింది. ఎంత వేగం దగ్గర తన్నాలన్నదానికి ఆయన లెక్క ఎప్పుడూ ఒకటే: మోటారు ప్లేటు మీద రాసున్న వేగం, దాని మీద నూటికి పదిహేను. ప్లేటు చూశాడు, రాసుకున్నాడు, స్ప్రింగు బిగించాడు, రాగితీగ చుట్టి సీసం నొక్కాడు. కొత్త మోటారుకు ప్లేటు లేదు, ఉత్త గొట్టంలా ఉంది. ఆయన చూసిన ప్లేటు బల్ల మీద పక్కన పడున్న పాత మోటారుది.

బాత్‌రూంలో నీళ్ళ తొట్టి నింపి పరీక్ష కూడా చేశాడు. పడవను రెండు చేతులతో పట్టుకుని, రిమోటు భార్యకిచ్చి, కొద్దికొద్దిగా పెంచమన్నాడు. సగం జోరుకు చేరగానే టక్కుమని ఆగింది. ఆయన మొహం విప్పారింది. ఏమైందని ఆవిడ అడిగింది. "బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు. తొట్టిలో పరుగెత్తడానికి చోటెక్కడుంది, అందుకే ఆపారు కాబోలని ఆవిడ అనుకుంది.

ఆరో ఆదివారం వచ్చింది. కొలను చుట్టూ పదిహేను మంది దాకా చేరారు. మాస్టారు మెడలో స్టాప్‌వాచీ, చంకలో రిజిస్టరు. ఒక్కో పడవకు మూడు అవకాశాలు, మధ్యలో ఐదేసి నిమిషాలు. అప్పటికే ఇద్దరు తమ అరలు ఖాళీ చేసి పడవలు సంచుల్లో పెట్టుకున్నారు. బాతు వంతు చివరిది. గరుకు కాగితంతో చెక్క రంగుకు వచ్చి, ఒక్క పూత మాత్రమే వేయించుకుని, అది ఈకలు పీకినట్టుంది. "అల్లుడుగారూ, ఇదేనా అది?" అని మాస్టారు దగ్గరికొచ్చి చూశాడు. కొలను దగ్గర లిఫ్టాయనను అందరూ అల్లుడుగారనే అంటారు. మామగారు లేకపోయినా ఆ ఉద్యోగం అలాగే ఉండిపోయింది.

ఆవిడ గట్టు అంచున నిలబడి రిమోటు అందుకుంది. మాస్టారు చెయ్యి దించాడు.

బాతు బయల్దేరిన తీరుకే గట్టు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎన్నడూ లేనిది ముక్కు పైకెత్తింది. మొదటి బంతిని ఒరుసుకుంటూ తిరిగింది. ఎదురుగా తిన్నని దారి కనబడగానే ఆవిడ బొటనవేలితో రిమోటు మీటను పూర్తిగా తోసింది. బాతు ఎగిరినట్టుగా ఒక్క ఊపు ఊపి, అలాగే ఆగిపోయింది. నీళ్ళ మీద దాని వెనక లేచిన అల వచ్చి దాన్నే నెట్టి ముందుకు పోయింది.

పళ్ళ డాక్టరు తాడు కట్టిన బంతిని విసిరి, దాన్ని పడవకు తగిలించి ఒడ్డుకు లాక్కొచ్చాడు. ఈ పనిలో ఆయన చెయ్యి తిరిగినవాడు. లాగుతూనే, "బావగారూ, మీ లిఫ్టు రెండో అంతస్తులో ఆగింది. లోపల ఎవరైనా ఉన్నారేమో చూడమంటారా?" అన్నాడు.

లిఫ్టాయన గట్టు మీద చతికిలబడి మూత తీశాడు. బ్యాటరీ చూశాడు, బాగుంది. తీగలు ఒక్కొక్కటీ లాగి చూశాడు, గట్టిగా ఉన్నాయి. గొట్టం లోపల తడిగానే ఉంది. భార్యను రిమోటు మీట కాస్త తోయమన్నాడు, మోటారు కమ్మగా తిరిగింది. ఏ రోగమూ లేదు. ఏ రోగమూ లేకపోవడం కన్నా పెద్ద రోగం లేదని ఆయనకు తెలుసు. తడి తగిలి ఉంటుందని తనకు తానే చెప్పుకుని, ఉన్న గుడ్డతో లోపలంతా తుడిచి మూత పెట్టాడు.

రెండోసారి ఆవిడ నెమ్మదిగా మొదలుపెట్టింది. మొదటి బంతి, రెండో బంతి దాటాయి. మాస్టారు ముప్పై ఐదు అన్నాడు, ఎవరూ అడగకుండానే. మూడో బంతి తిరిగింది. ఇక మిగిలింది తిన్నని దారి, నలభై అడుగులు. అప్పటికి యాభై దాటింది. సరిపోదేమోనని ఆవిడ బొటనవేలు కదిలింది. బాతు ఆగిపోయింది. ఈసారి ఒడ్డుకు ఎంత దగ్గరగా ఆగిందంటే, డాక్టరుకు తాడు కూడా అవసరం లేకపోయింది. కర్రతో లాగాడు. ఎగతాళి చేయలేదు. అది లిఫ్టాయనకు ఎగతాళి కన్నా బరువుగా తగిలింది.

మళ్ళీ చతికిలబడ్డాడు. మూత తీశాడు. బ్యాటరీ మీద చెయ్యి వేశాడు. ఆవిడ పక్కనే కూర్చుని ఆయన చేతుల వంక చూస్తోంది. మిషను సూది కింద గుడ్డను తోస్తూ పాతికేళ్లు గడిపిన మనిషి. ఎవరు ఏ పని చేస్తున్నా ముందు వేళ్ళు చూడడం ఆవిడకు అలవాటు.

"మూత తీయగానే ఏదో నొక్కారు," అంది. "ఏంటది?"

"నేనేం నొక్కాను?"

"నొక్కారు. ఇందాకా నొక్కారు, ఇప్పుడూ నొక్కారు. ఆ తర్వాతే బ్యాటరీ చూశారు."

ఆయన తన చూపుడువేలి వంక, అది వేరొకరిదైనట్టు చూసుకున్నాడు. ఆగిపోయిన లిఫ్టులో మనుషులు ఉంటారు. కారణం వెతుకుతూ కూర్చుంటే లోపలివాళ్ళకు ఊపిరాడదు. కాబట్టి మెషీను గదిలోకి అడుగుపెట్టగానే ముందు గవర్నరు మీటను లేపి, వాళ్ళను దించి, ఆ తర్వాతే తప్పెక్కడుందో చూడాలి. ఆ బుడిపెను నొక్కడం ఆయనకు కళ్ళజోడు సర్దుకోవడం లాంటిది. వేలు నొక్కుతుంది, మనసుకు కబురందదు. అలా రెండుసార్లూ రోగాన్ని ముందు నయం చేసేసి, తర్వాత దాని కోసం వెతికాడు.

"గవర్నరు," అన్నాడు మెల్లగా.

"అదేం చేస్తుంది?"

"వేగం ఎక్కువైతే ఆపేస్తుంది."

ఊళ్ళో అందరి నోళ్ళూ తెరిపించే డాక్టరు తన నోరు గట్టిగా మూసుకున్నాడు.

"మనం ఇక్కడికి దేనికొచ్చాం?" అంది ఆవిడ.

"వేగానికి."

"ఎంత దగ్గర ఆపుతుంది?"

ఆయన లెక్క చెప్పాడు. ప్లేటు మీద ఉన్నది, దాని మీద నూటికి పదిహేను. ఏ ప్లేటు అని ఆవిడ అడిగింది. మోటారు ప్లేటు. మోటారు మార్చాం కదా అంది ఆవిడ. మార్చాం అన్నాడు. మరి ప్లేటు? కొలను ఎదురుగా పెట్టుకుని లిఫ్టాయన నీళ్ళు నమిలాడు. ఆరు వారాలు కష్టపడి మూడింతలు బలమున్న మోటారు పెట్టి, దాన్ని పాత మోటారు కొత్తలో తిరిగిన వేగం కన్నా కాస్త మాత్రమే ఎక్కువ తిరగనిచ్చేలా తాళం వేశాడు. ఆ తాళం ఎంత చక్కగా పనిచేస్తుందో తొట్టిలో చూసుకుని మురిశాడు కూడా.

అరగంట ఇస్తే కొత్త లెక్క కట్టి స్ప్రింగు మళ్ళీ బిగిస్తానన్నాడు. మాస్టారు వాచీ చూసి, మూడు నిమిషాలున్నాయి అల్లుడుగారూ అన్నాడు. ఆయన గొంతులో జాలి ఉంది, కానీ మూడు నిమిషాలు మూడు నిమిషాలే.

"తీసెయ్యండి," అంది ఆవిడ.

"అది లేకుండా నా చేతిలోంచి ఇంతవరకూ ఏదీ బయటికి పోలేదు."

"తెలుసు."

"ఆగేది లేకుండా నడిచేది పెట్టకూడదు. అది మంచిది కాదు."

ఆవిడ గొంతు పెంచలేదు. షెడ్డు వైపు ఒకసారి చూసింది. తలుపు తీసే ఉంది, ఎడమవైపు మొదటి అర ఖాళీగా కనబడుతోంది. "నా మిషనుకు ఏ గవర్నరు ఉంది? నా కాలే," అంది. "పాతికేళ్లలో ఒక్కసారి కూడా వేలు కుట్టుకోలేదు. దీనికి నా బొటనవేలుంది. ఆపాల్సి వస్తే నేనాపుతాను. వచ్చే ఆదివారం కూడా నేనిక్కడికి రావాలి. ఇంకేం అడగను."

లిఫ్టాయన జేబులోంచి కటింగ్ ప్లేయరు తీశాడు. రాగితీగ దగ్గరకు పోనిచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పుస్తకం కావాలి," అన్నాడు.

"ఏం పుస్తకం?" అన్నాడు మాస్టారు.

"సీలు తెంచితే రాయాలి."

మాస్టారు ముప్పై ఏళ్లు హాజరుపట్టీలు రాసిన మనిషి, రాయాలి అన్న మాటకు ఎదురు చెప్పడు. రిజిస్టరు తెరిచి, పెన్నుతో సహా గట్టు మీద పెట్టాడు. లిఫ్టాయన మోకాళ్ళ మీద కూర్చుని, గీతలు కొట్టుకున్నట్టు పొందికగా రాశాడు. తేదీ వేశాడు. బాతు గవర్నరు సీలు తెంచి, గవర్నరు తొలగించడమైనది అని రాశాడు. కారణం అన్న చోట కాసేపు ఆగాడు. మాస్టారు వాచీ చూశాడు కానీ తొందరపెట్టలేదు. కారణం: భార్య అడిగినందున. కింద సంతకం పెట్టాడు. మాస్టారు ఆ వాక్యాన్ని ఒకసారి చదివి, పక్కన అలవాటుగా టిక్కు పెట్టాడు.

తీగ తెగింది. బఠాణీ గింజలంత బరువులు, స్ప్రింగు, మీట, అన్నీ ఒక్క ముద్దగా బయటికొచ్చాయి. వాటిని పట్టుకోమని డాక్టరుకిచ్చాడు. డాక్టరు పీకిన పన్ను పట్టుకున్నట్టే రెండు వేళ్ళతో జాగ్రత్తగా పట్టుకున్నాడు.

మూడోసారి మాస్టారు చెయ్యి దించాడు.

బాతు ముక్కు లేపింది, పొట్ట లేపింది, చివరికి వెనకభాగం ఒక్కటే నీళ్ళను తాకుతూ పోయింది. ఒరగలేదు, ఊగలేదు. మొదటి బంతి దగ్గర ఆవిడ బొటనవేలు వెంట్రుకవాసి వెనక్కి వచ్చింది, మలుపు తిరగగానే ముందుకు పోయింది. రెండో బంతి దగ్గర ఒక పక్కకు ఎంతలా వాలిందంటే, ఎవరో అమ్మో అన్నారు. బొటనవేలు మళ్ళీ వెనక్కి వచ్చింది, పడవ నిలదొక్కుకుంది. గట్టు మీద అందరూ పడవ వంకే చూస్తున్నారు. లిఫ్టాయన ఒక్కడే పడవను చూడలేదు. అంతసేపూ భార్య బొటనవేలే చూశాడు. అది తొందరపడిన చోటు ఒక్కటి కూడా ఆయనకు దొరకలేదు. వెతకలేదని కాదు.

"నలభై నాలుగు," అన్నాడు మాస్టారు. చెప్పి, నమ్మకం చాలక, వాచీని డాక్టరుకు కూడా చూపించాడు. డాక్టరు తలూపాడు. మాస్టారు రిజిస్టరులో బాతు పేరుకెదురుగా నలభై నాలుగు వేసి, మొదటి అర అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

ఆవిడ పడవను ఒడ్డుకు తిప్పలేదు. బాతు గీత దాటి, మొదటి బంతి వైపు మళ్ళీ పోయింది. రెండో రౌండు అయింది. మూడోది మొదలైంది. తమ పడవలు దించుదామని వచ్చినవాళ్ళు నలుగురు వాటిని చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మాయ్, అయిపోయింది. రాసేశాను," అన్నాడు మాస్టారు.

"అర మాదేనా మాస్టారూ?"

"మీదే."

"అయితే తిప్పుకోనివ్వండి."

మాస్టారు లిఫ్టాయన వంక చూశాడు. భార్యకు ఏదైనా చెప్పమన్నట్టుంది ఆ చూపు. లిఫ్టాయన ఆవిడ పక్కకు వెళ్ళి, నీళ్ళ మీద నుంచి కళ్ళు తిప్పని ఆవిడ చెవి దగ్గర, ఇంకెంతసేపని మెల్లగా అడిగాడు.

"బ్యాటరీ అయ్యేదాకా," అంది.

ఆయన వెనక్కి వచ్చి, ఎదురుచూస్తున్న నలుగురికీ ఆ బ్యాటరీ నిండుగా ఉంటే పదకొండు నిమిషాలు వస్తుందనీ, అందులో సగమన్నా ఇంకా మిగిలి ఉంటుందనీ చెప్పి, కూర్చోమని గట్టు మీద చోటు చూపించి, తానూ కూర్చున్నాడు.